అదే ఏసీ, అవే ఫ్యాన్లు, నెలలో 112 యూనిట్లు ఎక్కువ. ఎక్కడ పోతోంది?

కొబ్బరాకు
ఏప్రిల్‌లో 228 యూనిట్లు వచ్చాయి. మేలో 340. సర్దుబాటు ఛార్జీలు, అవీ ఇవీ కలిపి రెండు వేల మూడు వందలు దాటింది. ఇంట్లో కొత్తగా కొన్నదేమీ లేదు. టన్ను ఏసీ ఒకటి, పిల్లల గదిలో. రాత్రి పదికి వేస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఆపేస్తాను. రెండు నెలలూ అంతే. అత్తయ్యగారు, మామయ్యగారు ఏసీలో పడుకోరు. ఫ్రిజ్ పాతదే, టీవీ పాతదే. బిల్లు తీసే అబ్బాయిని అడిగితే “మీటరు తిరిగిందండి, నేనేం చేయను” అన్నాడు. పాపం, అతని తప్పేముంది.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. బిల్లు ఫొటో పంపితే “అంత ఎలా వచ్చింది?” అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అక్కడ ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు ఇక్కడ ఎటు పోతోందో తెలియకపోతే నిద్ర పట్టడం లేదు.

గ్యాస్ సంగతీ అంతే. నలభై రోజులొచ్చే బండ ఇప్పుడు నెల తిరక్కుండా అయిపోతోంది. ఇంకోపక్క దొడ్లో కొబ్బరి డొక్కలు, మట్టలు గుట్టలుగా పడి చెద పడుతున్నాయి. మాది అంబాజీపేట దగ్గర. ఎవరికైనా ఇలా జరిగిందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తణుకు తమ్ముడు
ఎండలక్కా. మేలో అందరికీ ఇంతే.

కొబ్బరాకు
ఎండలు ఏప్రిల్‌లోనూ ఉన్నాయి తమ్ముడూ. మా ఆడపడుచు ఇల్లు పక్క వీధే. వాళ్లకి ఇరవై యూనిట్లే పెరిగాయి.

భీమవరం కోడలు
ఏసీయే అయ్యుంటుంది. వేసే టైము అదే అయినా బయట వేడి పెరిగితే ఎక్కువ లాగుతుంది. ఎంత మీద పెడుతున్నారు? ఫిల్టరు ఎప్పుడు కడిగారు?

కొబ్బరాకు
22 మీద. ఫిల్టరు ఉగాదికి కడిగాను.

భీమవరం కోడలు
అయితే ఈ రోజే కడగండి. మాకు రొయ్యల చెరువుల గట్ల మీద లారీల దుమ్ము, పదిహేను రోజులకే ఫిల్టరు మూసుకుపోతుంది. 22 వద్దు. 26 పెట్టి పైన ఫ్యాన్ తిప్పండి. డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టింది అందుకే. నేను మారిన మొదటి వారం పిల్లలు గోల చేశారు, రెండో వారానికి దుప్పటి అడగడం మానేశారు.

నరసాపురం లేసు
26 మీద మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదండి. మాకు సముద్రం దగ్గర. వేడి కంటే ఉక్క ఎక్కువ. ఒళ్లంతా జిడ్డు. మేము రిమోట్‌లో నీటి చుక్క బొమ్మ ఉంటుంది చూడండి, దాని మీద గంట వేసి గదిలో తేమ లాగించి, తర్వాత 25 పెడతాం. అందరికీ 26 అని చెప్పేస్తే ఎలా?

భీమవరం కోడలు
మీకు 25 పడితే 25. 22 మాత్రం వద్దంటున్నాను.

మీటరు మాస్టారు
అమ్మా కొబ్బరాకూ, వీళ్లు చెప్పినవన్నీ చేయండి గానీ ఏసీ వల్ల 112 యూనిట్లు ఒక్కసారిగా పెరగవు. నేను ముప్పై ఎనిమిదేళ్లు వైరింగ్ పని చేశాను. ఊహించుకుని మనుషుల్ని అనుమానించే ముందు మీటరునే అడగాలి.

పగలు పది నిమిషాలు తీరిక చేసుకోండి. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపండి, ఫ్రిజ్ ప్లగ్గు తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. మీటరు మీదే 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 ఉంటే ఆ దీపం 3200 సార్లు వెలిగినప్పుడు ఒక యూనిట్ అయినట్టు. అన్నీ ఆపాక అది వెలగకూడదు. వెలిగితే, ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. 11 సెకన్లకోసారి అయితే ఎక్కడో వంద వాట్లు కాలుతున్నట్టు. వంద వాట్లు రాత్రీ పగలూ కాలితే రోజుకు దాదాపు రెండున్నర యూనిట్లు, నెలకు 72.

మీరేమీ విప్పకండి, తీగలు ముట్టుకోకండి. చూసి వచ్చి చెప్పండి.

తణుకు తమ్ముడు
మాస్టారూ, ఒక సందేహం. 225 దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ 8.75 వేస్తారు కదా? అందుకే అక్కకి అంత వచ్చిందేమో.

మీటరు మాస్టారు
కాదు. ఈ భయం చాలామందికి ఉంది, పాత గ్రూపుల పద్ధతి వల్ల వచ్చింది. వాడకాన్ని బట్టి ఎ, బి, సి అని గ్రూపులుండి, గ్రూపు మారితే రేట్లు మారేవి. 2022లో గృహాలన్నిటినీ ఒకే గ్రూపు చేశారు. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు రేటే.

ఇప్పుడు అమ్మాయి బిల్లు చూడు. మొదటి 225 యూనిట్ల ధర 1,017 రూపాయలు. ఆ పైనున్న 115 యూనిట్ల ధర 1,006. మొదటి రెండొందల పాతిక యూనిట్లకు ఎంతయిందో చివరి నూట పదిహేనుకీ అంతే అయింది. తగ్గించడం మొదలుపెడితే ఆ పై నుంచే తగ్గుతుంది. రూపాయి తొంభై పైసల యూనిట్ కాదు, ఎనిమిది రూపాయల డెబ్బై ఐదు పైసల యూనిట్ మిగులుతుంది.

తణుకు తమ్ముడు
ఇది మా నాన్నకి చూపించాలి. 225 దాటకూడదని నెలాఖర్లో ఫ్రిజ్ ఆపేస్తున్నారు. మొన్న పాలు విరిగిపోయాయి.

యానాం బాబాయి
మాది పుదుచ్చేరి లెక్క, మా రేట్లు వేరు. కానీ ఉక్క మాత్రం మీదే.

మండపేట మండువా
నా మాట కాస్త పాతగా అనిపిస్తుందేమో. మాది తాతల నాటి మండువా లోగిలి. నాలుగు పక్కలా వసారా, మధ్యలో ఆకాశం, పైన పెంకు. మేలో కూడా రాత్రి రెండు ఫ్యాన్లతో గడిచిపోతుంది. బిల్లు 110 యూనిట్లు దాటదు. వీధిలో పెంకుటిళ్లన్నీ తీసి డాబాలు కట్టారు. పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండింటిదాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ.

రావులపాలెం అరటి
అన్నా, మా పెంకుటిల్లు తీసేసింది సరదాకి కాదు. కోతులు. ఏడాదికి రెండుసార్లు పెంకు నేయించాలి, నేసే మనుషులు దొరకరు. వానొస్తే ఇంట్లో ఎనిమిది చోట్ల గిన్నెలు పెట్టేవాళ్లం.

మండపేట మండువా
కోతుల మాట నిజమే. మాకూ ఉంది. డాబాలున్నవాళ్లని తప్పు పట్టడం లేదు, స్లాబుకి ఎండ తగలకుండా చూసుకోండి అంటున్నాను. మా అన్నయ్య డాబా మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించాడు. కాలు పెడితే తేడా తెలుస్తుంది.

కాలవగట్టు
మేము వెదురు కట్టి కొబ్బరాకు పందిరి వేశాం డాబా మీద, సగం వరకు. కింద గది బాగా చల్లబడింది. ఖర్చు మనిషి కూలే, ఆకు దొడ్లోదే. నేరుగా స్లాబు మీద పరిస్తే మాత్రం వానలకి తూము మూసుకుపోతుంది, ఎలుకలు చేరతాయి. నిలబెట్టి కట్టాలి. తుఫాను హెచ్చరిక వస్తే ముందే దించేయాలి.

కొబ్బరాకు
మాస్టారూ, చూశాను. అన్నీ ఆపాను. ఫ్రిజ్ తీశాను. దీపం వెలుగుతూనే ఉంది! ఫోనులో టైము పెట్టుకుని చూస్తే పది సెకన్లకోసారి. మూడుసార్లు చూశాను. మీటరు మీద 3200 అనే ఉంది. గుండె దడ పట్టుకుంది. పక్కింటివాళ్లు ఏమైనా లాగుతున్నారా?

మీటరు మాస్టారు
పక్కింటివాళ్ల మీదకి పోకండి, తొందర వద్దు. ఇంట్లో కరెంటు పోతే వెలిగే ఇన్వర్టరు ఉందా?

కొబ్బరాకు
ఉంది! మెట్ల కింద. దానికి స్విచ్ అంటూ ఉంటుందని కూడా తట్టలేదు. బ్యాటరీ పెట్టించి ఆరేడేళ్లయింది.

మీటరు మాస్టారు
నీళ్లు ఎప్పుడు పోశారు?

కొబ్బరాకు
మా ఆయన వచ్చినప్పుడు చూస్తారు. ఆయన వచ్చి పద్నాలుగు నెలలైంది.

మీటరు మాస్టారు
సరే. దాని గోడ ప్లగ్గు ఆపేసి మళ్లీ మీటరు చూడండి. తర్వాత బ్యాటరీ దగ్గర చేయి పెట్టకుండా దూరం నుంచి గమనించండి, వేడి తెలుస్తోందా, ఘాటు వాసన వస్తోందా. ముసలి బ్యాటరీ నిండదు. నిండలేదు కాబట్టి ఇన్వర్టరు దానికి కరెంటు పోస్తూనే ఉంటుంది. అది వేడిగా పోతుంది, లోపలి నీళ్లు ఇగురుతాయి, ప్లేట్లు బయటపడతాయి, ఇంకా పాడవుతుంది. మే నెల వేడికి ఒక్కసారిగా దిగజారి ఉంటుంది.

కొబ్బరాకు
ఆపాను. దీపం ఆగిపోయింది. పూర్తిగా. మెట్ల కింద వాసన కూడా ఉంది, మేము చెప్పుల వాసన అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. మా చిన్నవాడు అక్కడే బొమ్మలు పెట్టుకుని ఆడతాడు.

నరసాపురం లేసు
అమ్మో. పిల్లాణ్ణి అటు వెళ్లనివ్వకండి. బిల్లు సంగతి తర్వాత.

మీటరు మాస్టారు
ఆపేసే ఉంచండి. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు. బ్యాటరీ మనిషిని పిలిపించి తీయించండి. పాతది ఊరికే ఇవ్వకండి, సీసం ఉంటుంది, కొత్తది కొనేటప్పుడు దానికి విలువ కట్టి తగ్గిస్తారు. దాన్ని దొడ్లో పారేయడం, యాసిడ్ కాలవలో ఒంపడం అసలు చేయకూడదు.

అన్నట్టు ఇది నెలకు ఎనభై దాకానే వస్తుంది. మిగతా ముప్పై ఎక్కడో ఉన్నాయి. మోటారు రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నారు?

కొబ్బరాకు
ఇదివరకు పొద్దున్న ఒక్కసారి. ఇప్పుడు మధ్యాహ్నం కూడా ట్యాంకు అయిపోతోందని మామయ్యగారు మళ్లీ వేస్తున్నారు. వేసవి కదా, ఎక్కువ వాడుతున్నామేమో అనుకున్నాం.

రావులపాలెం అరటి
బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు చూడండి. మాకు అదే. చప్పుడు లేకుండా సన్నటి ధార గోడవారగా కారిపోతుంది, కనిపించదు. ట్యాంకులో కాస్త పసుపు కలపండి. అరగంట ఎవరూ వాడకుండా ఉంచి చూస్తే కింద పచ్చటి నీళ్లు కనబడతాయి. కనబడితే లోపలి రబ్బరు పోయినట్టే.

మీటరు మాస్టారు
మంచి మాట చెప్పావు బాబూ. ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే ముప్పావు యూనిట్ నుంచి యూనిట్ దాకా తింటుంది. రోజూ గంట అదనం అంటే ఆ ముప్పై అవే.

కాలవగట్టు
నీళ్లు కూడా వృథా. కాలవ కట్టేసిన రోజుల్లో మా లంకల వైపు బోరు ఉప్పు తేలుతుంది. మంచినీళ్ల చెరువు అడుగంటుతుంటే ఒక ఇంట్లో రోజుకి సగం ట్యాంకు మరుగుదొడ్డిలోకి పోవడమా. తెలియకే జరిగిందిలెండి, మిమ్మల్ని అనడం లేదు.

తణుకు తమ్ముడు
ఫ్యాన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేము తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు కొన్నాం. పాతది 75 వాట్లు, ఇది 30. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్‌కి నెలకు ఇరవై యూనిట్లు మిగులుతుంది. కాకపోతే మూడు వేల దాకా పెట్టాలి.

భీమవరం కోడలు
అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. ఎక్కువ తిరిగేది మార్చుకుంటే చాలు. మాకది హాల్లో ఫ్యాన్, మా మామగారి మంచం దాని కిందే. పాత రెగ్యులేటరు తీసేయమన్నారు, తీసేశాం. రిమోట్ పోతే కష్టం కాబట్టి దారం కట్టి గోడకి వేలాడదీశాం.

రావులపాలెం అరటి
మీరంతా ఇరవై ముప్పై యూనిట్ల దగ్గర ఆగారు. సోలార్ పెట్టించుకోండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకి 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేలు రాయితీ. నేను మూడు కిలోవాట్లు పెట్టించాను. ఎండాకాలం రోజుకి పన్నెండు, పదమూడు యూనిట్లు. మిగిలింది లైనుకి పోతుంది, బిల్లులో తీసేస్తారు.

రాజోలు దీవి
మీది అరటి తోట, పైన ఆకాశం కనిపిస్తుంది. మా ఇళ్లు కొబ్బరి చెట్ల నడుమ ఉంటాయి. పది దాటేదాకా నీడ, మూడు కాకుండానే నీడ. మా బావగారు పెట్టించి బాధపడుతున్నారు. ఒక్క మట్ట నీడ ఒక పలక మీద పడితే ఆ వరుస దిగుబడి పడిపోతుంది. పైనుంచి కాయ పడితే అద్దం పగులుతుంది. నలభై ఏళ్ల కాపు చెట్టుని కరెంటు కోసం కొట్టమంటారా?

రావులపాలెం అరటి
చెట్టు కొట్టమని నేనెందుకంటాను. నీడ లేని చోటు, కిలోవాటుకి వంద చదరపు అడుగుల దాకా ఉన్నవాళ్లకే చెప్తున్నాను. ముసురు పట్టిన రోజు మాకూ నాలుగైదు యూనిట్లే. ఇంకొకటి, చాలామందికి తెలియదు, లైనులో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెడతారు.

రాజోలు దీవి
96 నవంబరు తుఫాను చూసినవాణ్ణి. తెల్లారేసరికి తోటలో నిలబడ్డ చెట్టు లేదు. అప్పటి నుంచి డాబా మీద ఏది పెట్టినా నాకు భయమే. పెట్టేవాళ్లు బోల్టులు గట్టిగా దిగాయో లేదో దగ్గరుండి చూసుకోండి.

మండపేట మండువా
ముందు కారేది ఆపాలి. కారుతున్న 340కి సరిపడా సోలార్ పెట్టుకుంటే అప్పు చేసి బ్యాటరీని మేపినట్టు అవుతుంది. ఆమె ఇంటి అసలు వాడకం ఎంతో తేలాక ఎన్ని కిలోవాట్లో ఆలోచించవచ్చు.

కొబ్బరాకు
మా ఇంటి చుట్టూ కూడా చెట్లే. సోలార్ మాట ప్రస్తుతం పక్కన పెడతాను. గ్యాస్ గురించి ఎవరైనా చెప్పండి. ప్రభుత్వ ఉచిత గ్యాస్ పథకం దీపం-2లో ఏడాదికి మూడు బండలు వస్తున్నాయి. ముందు మనం కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. మిగతావి కొనుక్కోవాల్సిందే. ఇండక్షన్ పొయ్యి కొనమని మా తమ్ముడు అంటున్నాడు.

కాకినాడ లెక్కలు
లెక్క వేసి చూశాను. 14.2 కిలోల బండలో ఉన్న వేడిలో గిన్నెకి చేరేది అరవై శాతం దాకా, మిగతాది పక్కల నుంచి పోతుంది. ఇండక్షన్‌లో ఎనభై ఐదు శాతం దాకా గిన్నెకే చేరుతుంది. ఆ లెక్కన ఒక బండ చేసే పని ఇండక్షన్ మీద చేయడానికి 125–130 యూనిట్లు కావాలి. ఇండక్షన్‌తో కలిపి మీ వాడకం 225 లోపలే ఉంటే యూనిట్ ఆరు రూపాయలు, అంటే 770 చిల్లర, బండ కంటే కొంచెం చవక. 225 దాటి ఉంటే 8.75 చొప్పున పదకొండు వందలు, బండే నయం. ఏసీ వేసే నెలల్లో ఇండక్షన్ వద్దు. చలికాలంలో బిల్లు వంద యూనిట్ల లోపు వచ్చినప్పుడు వాడుకోవచ్చు.

నరసాపురం లేసు
ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదండి. మా ఇంట్లో మేలోనే ఇండక్షన్ మీద వండాం, గ్యాస్ మిగులుతుందని!

భీమవరం కోడలు
పొయ్యి మార్చేముందు వంట చూసుకోండి. బర్నరు చిల్లులు మూసుకుపోయి మంట పసుపుగా వస్తే గిన్నె అడుగు మసి పడుతుంది, గ్యాస్ ఎక్కువ పోతుంది. మాది అలాగే ఉండేది. సూదితో పొడిచి కడిగాక మంట నీలంగా వచ్చింది. కందిపప్పు అరగంట నానబెట్టండి. కుక్కరు రెండో కూత తర్వాత కట్టేసి వదిలేస్తే దాని ఆవిరికే ఉడుకుతుంది. మా అత్తగారు ఆరు కూతలు వినందే నమ్మేవారు కాదు.

రాజోలు దీవి
గ్యాస్ మాట వస్తే నాకు కడుపు రగులుతుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. రాత్రిళ్లు మా పెరట్లో నిలబడితే ఆకాశం ఎర్రగా కనిపించేది. మా కాళ్ల కింద గ్యాస్ ఉంది, మా పొలాల మీదుగా పైపులు పోతున్నాయి. మా అమ్మ మాత్రం బండ ఎప్పుడొస్తుందా అని వీధి గుమ్మంలో కూర్చుంటుంది.

కొబ్బరాకు
మా నాన్న కూడా ఆ మంట గురించి చెప్పేవారు.

కాలవగట్టు
అమ్మా, మీ దొడ్లో డొక్కలున్నాయన్నారు. స్నానాల నీళ్లు దేని మీద కాస్తున్నారు?

కొబ్బరాకు
గ్యాస్ మీదే. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఏడాది పొడుగునా రెండు పూటలా వేణ్ణీళ్లు కావాలి.

కాలవగట్టు
దొరికిందండి మీ బండ. రెండు పూటలా పెద్ద గిన్నెడు నీళ్లు కాస్తే నలభై రోజుల బండ నెల ఎలా తిరుగుతుంది? రాగి బాయిలరు లేదా? మా ఇంట్లో ఇప్పటికీ అదే. మధ్య గొట్టంలో పది కొబ్బరి చిప్పలు వేసి అంటిస్తే నలుగురికి నీళ్లు. డొక్క కంటే చిప్ప బాగా మండుతుంది, పొగ తక్కువ.

నరసాపురం లేసు
దీనికి నేను ఒప్పుకోను. మా అమ్మ ముప్పై ఏళ్లు పొయ్యి ఊది ఊది ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. గ్యాస్ వచ్చి ఆడవాళ్లు బతికారు. డబ్బు మిగులుతుందని మళ్లీ పొగలోకి పంపుతారా? పొద్దున్నే చిప్పలు ఏరి, నిప్పు చేసి, మసి తోమేది ఎవరు? మగవాళ్లా?

కాలవగట్టు
మీ అమ్మగారి సంగతి విని బాధగా ఉంది. వంట పొయ్యి మీద చేయమని నేను అనను, ఎవరూ చేయకూడదు. బాయిలరు పెరట్లో, గాలికి, చెట్టు కింద. మా ఇంట్లో దాన్ని అంటించేది నేనే, ఇరవై ఏళ్లుగా. చిప్పలు బాగా ఎండాలి. తడి డొక్క వేస్తే పొగ కమ్మేస్తుంది. అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు వేస్తారు కొందరు, ఆ పొగ విషం. ఒక కొబ్బరి ఆకు చుట్ట చాలు.

నరసాపురం లేసు
మీరే అంటిస్తారంటే సరే. మామగారికి అప్పజెప్పండి కొబ్బరాకు గారూ.

రాజోలు దీవి
చిప్పలన్నీ కాల్చేయకండి, బొగ్గు చేసేవాళ్లు కొంటారు, మీ అంబాజీపేటలోనే అడగండి. డొక్కలకి పీచు తీసే మిల్లులవాళ్లు వస్తారు, లోడు అయితేనే. లోడు కాకపోతే చెట్టుకి ఆరేడు అడుగుల దూరంలో గాడి తీసి, బోర్లా కాకుండా వెల్లకిలా పేర్చి మట్టి కప్పండి. తేమ పట్టుకుని ఉంటుంది. వేసవిలో చెట్టుకి నీళ్లు కట్టడం తగ్గుతుంది, మోటారు కూడా తగ్గుతుంది. మట్టల నుంచి ఈనెలు తీస్తే చీపుళ్లు. మా ఊళ్లో ఇద్దరు ముసలమ్మలకి అదే ఆదాయం.

కాలవగట్టు
ఏం చేసినా సరే, కాలవలో మాత్రం వేయకండి. మా గట్టు మీద రోజూ చూస్తున్నాను. తెల్లారేసరికి కవర్లో కట్టిన అన్నం, కూరలు, పిల్లల డైపర్లు, డొక్కలు. వంతెన బట్రాసు దగ్గర అన్నీ చేరి నీళ్లు ఎగదన్నుతాయి. ఆ నీళ్లే తూము గుండా మంచినీళ్ల చెరువులోకి వస్తాయి. మనమే తాగుతాం. మా నాన్న కాలవలో ముఖం కడిగి పుక్కిలించేవారు. నా మనవడిని ఆ నీళ్లలో చేయి పెట్టనివ్వను.

తణుకు తమ్ముడు
అన్నం ఎందుకు పారేస్తారో అర్థం కాదు. మా నాయనమ్మ గంజి కూడా పారనిచ్చేది కాదు, కుడితిలో పోసేది. కూర తొక్కలూ అందులోకే.

భీమవరం కోడలు
గేదెలుంటే కుడితి తమ్ముడూ. మా వీధిలో ఇప్పుడు ఒక్క గేదె లేదు. నేను మాత్రం ఒక పాత ప్లాస్టిక్ బకెట్‌కి చిల్లులు పెట్టి, తొక్కలు ఒక వరస, ఎండు ఆకు ఒక వరస వేస్తున్నాను. కొబ్బరి పొట్టు చల్లితే వాసన రాదు. రెండు నెలలకి ఎరువు. మిగిలిన అన్నం రాత్రి పాలు పోసి తోడేస్తే పొద్దున్న చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. ఆ పూట పొయ్యి వెలిగించక్కర్లేదు.

రావులపాలెం అరటి
అరటి గెల కోశాక బోదె పారేయకండి. లోపలి దూట కూర చేసుకోవచ్చు, ఆవ పెట్టి. మా తోటలో వారానికి ఎన్ని కుళ్లిపోతాయో, అడిగినవాళ్లకి ఊరికే ఇస్తాను.

యానాం బాబాయి
గోబర్ గ్యాస్ ఎవరికైనా ఉందా ఇంకా? మాకు 90ల్లో ఉండేది.

మండపేట మండువా
మాది ఇప్పటికీ నడుస్తోంది, రెండు ఘనమీటర్లది. రోజుకి యాభై కిలోల పేడ కావాలి. నాలుగైదు పశువులు ఉండాలి. పశువులున్నవాళ్లకి అంతకంటే మంచిది లేదు, లేనివాళ్లకి చెప్పి లాభం లేదు.

కొబ్బరాకు
జూన్ బిల్లు వచ్చింది. వెంటనే ఇక్కడికే వచ్చాను. 231!

బ్యాటరీ తీయించేశాను. కొత్తది ఇంకా కొనలేదు, మామయ్యగారికి రాత్రిపూట కరెంటు పోతే ఇబ్బందని ఛార్జింగ్ దీపం ఒకటి పెట్టాను. ఫ్లష్ ట్యాంకులో పసుపు వేస్తే నిజంగానే పచ్చగా వచ్చింది. రబ్బరు మార్చడానికి అయింది వంద లోపే. మోటారు మళ్లీ రోజుకి ఒక్కసారే. ఏసీ 25 మీదకి తెచ్చాను, లేసు గారూ, మీరు చెప్పినట్టు ముందు తేమ తీసి. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగడం పెద్దవాడి పని.

మా ఆయనకి మీటరు దీపం వీడియో తీసి పంపాను. అక్కడ రూములో ఉన్నవాళ్లందరికీ చూపించారట. అందరూ ఇంటికి ఫోన్లు చేసి మీటరు చూడమంటున్నారట.

మీటరు మాస్టారు
చాలా సంతోషం అమ్మా. 225 మీద ఇంకా ఆరు ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూడండి. జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టు. కొత్త బ్యాటరీ పెట్టించినప్పుడు నీళ్లు చూడాల్సిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి, మీ ఆయన కోసం ఆగొద్దు.

కొబ్బరాకు
రాసుకుంటాను మాస్టారూ. నోటు జారిపోయింది, ఇప్పుడే చూశాను.

ఇంకో మాట. కాలవగట్టు గారూ, అటక మీద నుంచి అత్తయ్యగారి పుట్టింటి రాగి బాయిలరు దింపాం. ఆవిడ పెళ్లికి ఇచ్చినదట, దాన్ని చూసి ఎంత మురిసిపోయారో. మామయ్యగారు అంటిస్తానని ఒప్పుకున్నారు. కానీ అడుగున సన్నగా కారుతోంది. మాటు పెట్టేవాళ్లు మా వైపు ఎవరూ కనిపించడం లేదు.

కాలవగట్టు
మా ఊరికి నెలకోసారి ఒకాయన సైకిల్ మీద వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు మీ వైపు కూడా రమ్మని చెప్తాను. అందాకా దాన్ని చింతపండుతో తోమి బోర్లించి ఉంచండి. చిప్పలు ఎండలో పెట్టండి.